జనం మాట వినడం – 4వ పాఠం: అమ్మే చెయ్యి, కొనే చెయ్యి

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన కాగితాలన్నీ చదివాను. "విదేశీ నూనె రావాలా, వద్దా?" అని జనాన్ని అడిగి రమ్మన్నాను. కళ్యాణదుర్గం వైపు వెళ్లినవారికి దాదాపు అందరూ వద్దన్నారు. అనంతపురం పాతూరులో దాదాపు అందరూ రావాలన్నారు. ఎవరో తప్పు రాశారని మీలో మీరు వాదించుకున్నారు. ఎవరూ తప్పు రాయలేదు. ఒకరు వేరుశనగ కల్లంలో అడిగారు, మరొకరు కిరాణా కొట్టు ముందు అడిగారు. ఈ సంగతి నేను ముందే చెప్పవలసింది. అందుకే కొత్త పాఠం వచ్చే వారానికి వాయిదా.

పేరు, వయసు, ఊరు రాసుకోవడం మీకు వచ్చు. అదే మనిషి ఏం అమ్ముతాడు, ఏం కొంటాడు అన్నదే ఈ రోజు మాట.

అనంతపురం రైతు వేరుశనగ అమ్ముతాడు, ఇంటికి పామాయిల్ కొంటాడు. ఆ నూనె ఎక్కువగా ఇండోనేసియా, మలేసియాల నుంచి వస్తుంది. ఆ రెండూ ఉన్న ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో మన సరుకుల వాణిజ్య ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్‌పై దిగుమతి సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది, 2025 మే చివర 16.5కు తగ్గించింది. పెంచిన రోజు కల్లంలో ఆశ, వంటింట్లో దిగులు. రెండూ ఒకే ఇంట్లో.

ఒకసారి ఒక పెద్దావిడ చాటలో కాయలు వలుస్తూ "బయటి నూనె రానే కూడదు నాయనా" అన్నారు. "ప్యాకెట్టు పది రూపాయలు పెరిగితే?" అన్నాను. వలుస్తున్న వేళ్లు ఆగాయి. వంటింటి వైపు చూసి, "అయితే కొంచెం రానీ" అన్నారు. మొదటి జవాబు రాసుకుని లేచి వచ్చి ఉంటే ఆమె మనసులో సగమే నా కాగితంలో ఉండేది.

ఆదోని పత్తి ఇంతకన్నా సులువు. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 వరకు దిగుమతి పత్తిపై 11 శాతం సుంకం ఎత్తేశారు. యార్డులో రైతు ఒకటి చెబుతాడు, స్పిన్నింగ్ మిల్లు యజమాని వేరొకటి చెబుతాడు. అక్కడ మనుషులే ఇద్దరు.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. మీలో ఒకరు పాడిరైతును "2019 నవంబరు 4న భారత్ ఆర్‌సెప్ నుంచి తప్పుకోవడం సరైనదేనా?" అని అడిగారు. ఆర్‌సెప్ అంటే ఆసియా-పసిఫిక్ దేశాల పెద్ద వాణిజ్య ఒప్పందం, న్యూజిలాండ్ కూడా అందులో ఉంది. ఆయన "మంచిదే సార్" అన్నారు. అది అభిప్రాయం కాదు, మీకిచ్చిన మర్యాద. "స్వేచ్ఛా వాణిజ్యం" అన్నా ఇంతే. స్వేచ్ఛ వద్దని ఎవరంటారు? ఒప్పందాల పేర్లు మీ కాగితంలో ఉంచుకోండి, నోట మాత్రం రానివ్వకండి. అదే రైతును ఇలా అడగండి: "న్యూజిలాండ్ పాలపొడి చౌకగా దిగితే మీ పాలకేంద్రం లీటరుకు ఇప్పుడిచ్చే ధరే ఇస్తుందా?" అప్పుడు ఆయన బర్రెల లెక్క, దాణా ధర, కొడుకు చదువు అన్నీ చెబుతారు. ఆర్‌సెప్ మీద ఆయన అభిప్రాయం అదే.

నేనైతే ఎప్పుడూ అమ్మకం ప్రశ్న ముందు, కొనుగోలు ప్రశ్న తర్వాత, "రెండింట్లో మీకు ఏది బరువు?" అన్నది చివర అడుగుతాను. ఆ చివరి ప్రశ్న వేశాక కలం కింద పెట్టేస్తాను. రాస్తూ ఉంటే మనిషి తొందరపడతాడు.

అభ్యాసం: పదిమందిని ఎంచుకోండి. ఒక్కొక్కరిని పంట అమ్మే చోట ఒకసారి, వారం తర్వాత ఇంటి దగ్గర మరోసారి అడగండి. జవాబులు వారి మాటల్లోనే రాయండి, శాతాలు కట్టకండి. రెండుసార్లూ ఒకే మాట చెప్పినవారి దగ్గరికి మూడోసారి కూడా వెళ్లండి.