ఎండిన మోడును ఒడ్డు మీదే ఉంచాలంటే

పొలం ఒడ్డు మీద ఎండిన చెట్టును కొట్టేయకుండా పిట్టల కోసం నిలబెట్టుకోవాలంటే, ముందు అది నిజంగా చచ్చిందో లేదో చూడండి. 2021 ప్రాంతంలో తెలంగాణంతటా యాపలు మాడిపోయినప్పుడు చచ్చాయనుకున్నవే చాలా వరకు మళ్లీ చిగురు వేశాయి. కత్తి మొనతో బెరడు గీకండి. లోపల పచ్చగా, తడిగా తగిలితే ఉగాది దాకా ఆగాలి. తాటికి ఈ అనుమానమే లేదు: మొవ్వు పోతే ఇక లేవదు.

చచ్చిందని తేలాక చెట్టు మొదట్లో చూడండి. గొడ్డలి వెనక భాగంతో చుట్టూ తట్టితే గట్టి బోదె ఖంగుమంటుంది, బోలుది డబ్బాలా మోగుతుంది. పైన బోలుంటే మంచిదే. పాలపిట్ట, చిలుక, పగిడికంటె అనే చిన్న గుడ్లగూబ గూడు పెట్టేది అక్కడే. మొదట్లో బోలుంటేనే చిక్కు. ఇనుప చువ్వ నేలమట్టం దగ్గర జానెడు దిగిందంటే, వానకు మన్ను నానిన రోజున గాలికి పడుతుంది. అలాంటిది కొట్టేయడమే మేలు. చేవ ఉన్న యాప, నల్లతుమ్మ ఏళ్లు నిలుస్తాయి; సుబాబుల్ తొందరగా పుచ్చుతుంది.

ఇల్లు, దారి, కరెంటు తీగ, బాయి మోటారు: వీటికి మోడు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దూరం ఉండాలి. ఎనిమిది మీటర్ల మోడైతే పన్నెండు మీటర్లు. అంత జాగా లేకపోతే బోదెను ముట్టకుండా పంగ పైనున్న బరువు కొమ్మలు దించండి. ఎండు చెట్టు ఎక్కొద్దు, నిచ్చెన ఆనించొద్దు. ఏ కొమ్మ పుచ్చిందో కింది నుంచి తెలియదు. పొడవు కర్రకు కట్టిన రంపంతో, కొమ్మ కింద కాకుండా పక్కన నిలబడి కోయాలి. మీటరు పొడవు మొండెం వదిలేయండి. పత్తి చేలో పిట్టల కోసం కర్రలు పాతుతాం కదా, ఈ మొండేలూ అదే పని చేస్తాయి. ఏట్రింత అనే తోక చీలిన నల్లపిట్ట వాటి మీద కూర్చుని పురుగును చూసి దూకుతుంది.

ఈ పని అక్టోబరు, నవంబరుల్లో ముగించాలి. సంక్రాంతి దాటితే చిలుకలు తొర్రల్లో చేరతాయి, ఎండాకాలంలో పాలపిట్ట వంతు. తొర్రలో చెయ్యి పెట్టొద్దు, నాగుపాము కూడా ఉండొచ్చు.

మోడును పోగొట్టేది గాలి ఒక్కటే కాదు, కొయ్యకాళ్లకు పెట్టే మంట కూడా. ఎండు బోదెకు తగిలితే లోలోపల రెండు రోజులైనా రగులుతుంది. చుట్టూ రెండు మీటర్ల మేర గడ్డి చెక్కేసి, రాలిన బెరడును దూరంగా వేయండి.