దూరమా, గురా: మీ ఆటకు ఏది ముందో తేల్చుకోవడం ఎలా

గోల్ఫ్ రౌండ్ అయ్యాక నలుగురూ చాయ్ దగ్గర కూర్చుంటే, డ్రైవర్‌తో, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్‌తో, బంతులు పోగొట్టుకున్నవాడికి ఎవరో ఒకరు చెప్పే మాట ఒకటే: “అన్నా, మెల్లగా కొట్టు, ఫెయిర్‌వేలో ఉంటే చాలు.” పక్క టేబుల్ మీద దీనికి పూర్తి రివర్స్, కొత్త డ్రైవర్‌తో ఎన్ని గజాలు పెరిగాయన్న చర్చ నడుస్తుంటుంది. నేను ఎటువైపో ముందే చెప్పేస్తాను. వీకెండ్ గోల్ఫర్‌కి దూరం ముఖ్యం, మన దగ్గర ఒప్పుకునేదాని కన్నా చాలా ఎక్కువ ముఖ్యం, కాకపోతే బంతి ఆటలో ఉన్నంత వరకే. అందుకని మొదటి పని బంతి పోకుండా చూసుకోవడం, రెండో పని దూరం పెంచుకోవడం. ఫెయిర్‌వే, అంటే గడ్డి పొట్టిగా కత్తిరించిన దారి, మధ్యలో పడిందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.

“ఫెయిర్‌వే మిస్ అయింది” అన్నదీ “బంతి పోయింది” అన్నదీ ఒకటి కాదు, సలహా ఇచ్చేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తారు. అమెరికా ప్రొఫెషనల్ సర్క్యూట్ అయిన పీజీఏ టూర్‌లో ఆడేవాళ్లే సగటున పదిలో నాలుగు ఫెయిర్‌వేలు మిస్ అవుతారు. 2020 యూఎస్ ఓపెన్‌లో బ్రైసన్ డిషాంబో నాలుగు రోజులకు కలిపి 56 ఫెయిర్‌వేలలో 23 మాత్రమే కొట్టాడు, పార్ కన్నా ఆరు షాట్లు తక్కువతో గెలిచాడు. ఫెయిర్‌వే పక్కన గడ్డి పెరిగిన రఫ్ గుబురులోంచి బంతిని లాగే బలం మనకు లేదు, కాబట్టి అతన్ని కాపీ కొట్టమని అనడం లేదు. రఫ్‌లో పడిన బంతికి పెనాల్టీ ఉండదు, అక్కడి నుంచి ఆడుకోవచ్చు, అది గుర్తుంటే చాలు.

400 గజాల పార్ ఫోర్, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్, తీసుకోండి. 190 గజాలు నేరుగా కొట్టినవాడికి ఇంకా 210 మిగులుతాయి, అంటే చేతిలో ఫెయిర్‌వే వుడ్ ఉండాలి, మనలో ఎక్కువ మందికి ఆ షాట్‌తో గ్రీన్ (హోల్ గుంత ఉండే నున్నటి గడ్డి) అందడం కల. 230 కొట్టి కొంచెం పక్కన రఫ్‌లో పడినవాడికి 170 మిగులుతాయి, హైబ్రిడ్‌తోనో మిడ్ ఐరన్‌తోనో గ్రీన్ అంచు దాకా వెళ్లొచ్చు. గడ్డి మరీ గుబురుగా లేకపోతే నాకు రెండో బంతే కావాలి. ఇప్పుడు అదే 230 ఓబీకి, అంటే కోర్సు హద్దు బయటికి, వెళ్లిందనుకోండి. మళ్లీ టీ (మొదటి షాట్ కొట్టే చోటు) నుంచే కొట్టాలి, అది మూడో షాట్, అది చక్కగా పడినా మీరు నాలుగో షాట్ ఆడబోతుంటే 190 వాడు ఇంకా రెండోదే ఆడుతుంటాడు. ఒక హోల్‌లో 40 గజాల ఆధిక్యం వల్ల వచ్చే లాభం ఒక షాట్‌లోపే ఉంటుంది, ఓబీ వల్ల పోయేది దాదాపు రెండు. అంటే ఒక్క ఓబీ కొన్ని మంచి డ్రైవ్‌ల కష్టాన్ని మింగేస్తుంది.

ఎర్ర గుర్తుల నీటిలో పడితే ఇంత నష్టం లేదు. బంతి చివరగా అంచు దాటిన చోటి నుంచి రెండు క్లబ్ లెంగ్త్‌ల లోపు, హోల్‌కి దగ్గర కాకుండా డ్రాప్ చేసుకుంటే ఒక్క షాటే పెనాల్టీ, వెళ్లిన దూరం చాలావరకు చేతిలోనే ఉంటుంది. హైదరాబాద్‌లోని బౌల్డర్ హిల్స్ కోర్సు లాంటి చోట బంతి రాళ్ల సందులో ఇరుక్కుంటే అన్‌ప్లేయబుల్, అంటే ఆడలేని బంతి అని తీసుకోవచ్చు, అదీ ఒక షాటే. అందుకే ఒక పక్క ఓబీ, ఇంకో పక్క నీళ్లు ఉన్న హోల్‌లో నీళ్ల వైపుకి కొంచెం జరిపి గురి పెట్టడం పిరికితనం కాదు, లెక్క. బంతి దొరుకుతుందో లేదో అనుమానం ఉంటే ముందే చెప్పి ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే ఆడుకునే బంతి) కొట్టేయండి, 2019 నుంచి వెతకడానికి మూడు నిమిషాలే టైమ్.

ఇక మీ సంగతి తేల్చుకోవడం. ఊహ మీద వద్దు, ఎందుకంటే మనకు గుర్తుండేవి రెండే, ఆ రోజు బెస్ట్ డ్రైవ్, ఆ రోజు వరస్ట్ డ్రైవ్. వచ్చే నాలుగైదు రౌండ్లు స్కోర్‌కార్డ్‌లో పార్ ఫోర్, పార్ ఫైవ్‌ల పక్కన ఒక్క గుర్తు పెట్టండి. బంతి పోయినా పెనాల్టీ పడినా “పో”. పోలేదు కానీ చెట్ల మధ్య నుంచి పక్కకు తోసి బయటపడాల్సి వస్తే “ప”. మిగతా అన్నింటికీ గ్రీన్‌కి ఎంత మిగిలిందో ఆ అంకె. “పో”, “ప” కలిపి రౌండ్‌కి మూడు దాటుతుంటే మీ మొదటి పని గురి. ఒకటి కూడా లేదు, కానీ పార్ ఫోర్‌లలో మిగిలేది ఎప్పుడూ 180, 200 అయితే మీకు కావలసింది దూరం, ఎవరు ఏమన్నా ఇంకా మెల్లగా కొట్టకండి. మధ్యలో ఉన్నవాళ్లు రెండూ చేయాలి, అది అంత కష్టం కాదు, కారణం కింద చెప్తాను.

గురి అంటే కోణం. క్లబ్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) తప్పు, స్వింగ్ తప్పు కలిసి బంతి 5 డిగ్రీలు పక్కకు వెళ్తే 200 గజాల దగ్గర అది సుమారు 17 గజాలు తప్పుతుంది, 250 దగ్గర 22. పెరిగేది ఐదే గజాలు! దూరం పెరిగితే బంతి చెదిరిపోతుందన్న భయానికి ఉన్న ఆధారం ఇంతే. నిజంగా కొంప ముంచేది దూరం కాదు, గాలిలో వంకర తిరిగే స్లైస్.

ప్రాక్టీస్ రేంజ్‌లో ఒక పరీక్ష పెట్టుకోండి. దూరంగా రెండు గుర్తులు ఎంచుకోండి, మధ్యలో 40 గజాలు ఉండేట్టు, అదే మీ హోల్. ఒక్కో బంతికీ వెనక్కి వచ్చి, గురి చూసుకుని, డ్రైవర్‌తో పది, త్రీ వుడ్‌తో పది, హైబ్రిడ్‌తో పది కొట్టండి. లోపల ఎన్ని, బయట ఎన్ని, ఇక కోర్సులో అయితే పోయేవే అనిపించినవి ఎన్ని, రాసుకోండి. చాలామందికి ఆశ్చర్యం కలిగేది ఏంటంటే త్రీ వుడ్ కూడా డ్రైవర్ అంత చెదురుతుంది, దూరం మాత్రం తక్కువ. అలాంటప్పుడు “సేఫ్” అని త్రీ వుడ్ తీయడంలో అర్థం లేదు. హైబ్రిడ్‌తో తేడా స్పష్టంగా కనిపిస్తే ఇరుకు హోల్స్‌లో అది తీయండి, మిగతా చోట్ల డ్రైవరే.

ఇప్పుడు అసలు కిటుకు. బంతి ఫేస్ మధ్యలో తగలడం ఒక్కటి సరిచేసుకుంటే దూరమూ గురీ కలిసే వస్తాయి. బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో చిన్న చుక్క పెట్టి, ఆ చుక్క ఫేస్ వైపు ఉండేట్టు టీ పుల్ల మీద పెట్టి కొట్టండి, ఎక్కడ తగిలిందో ఫేస్ మీద మచ్చ పడుతుంది. కుడిచేతివాళ్లకు మచ్చ షాఫ్ట్ వైపు, అంటే హీల్‌లో పడితే బంతి వేగం పోతుంది, పైగా కుడి వైపుకి వంకర తిరుగుతుంది. చివరి వైపు, టోలో పడితే వేగం పోయి ఎడమకు తిరుగుతుంది. మచ్చలు అన్నీ హీల్‌లో ఉంటే బంతికి కాస్త దూరంగా నిలబడి చూడండి, టోలో ఉంటే కాస్త దగ్గరగా. బంతి సగం డ్రైవర్ పైఅంచుకు పైన కనిపించేట్టు టీ ఎత్తు పెట్టుకుని, ముందు కాలి మడమకు ఎదురుగా బంతిని ఉంచండి. డ్రైవర్‌తో బంతి బయల్దేరే దిక్కుని ఎక్కువగా నిర్ణయించేది తగిలే క్షణంలో ఫేస్ ఎటు చూస్తోందన్నది, కాబట్టి గ్రిప్ చూసుకోండి. గల్లీ క్రికెట్ ఆడి వచ్చిన చేతులు బ్యాట్ ఫేస్ నేరుగా పట్టడానికి అలవాటు పడి ఉంటాయి, గోల్ఫ్‌లో దాంతో ఫేస్ తెరుచుకునే ఉండిపోయి స్లైస్ వస్తుంది. కుడిచేతివాళ్లు పై చేతి పిడికిలి మీద రెండు మూడు కణుపులు తమకు కనిపించేట్టు గ్రిప్ కొంచెం కుడికి తిప్పండి. స్లైస్ పూర్తిగా పోయేదాకా టీ బాక్స్‌లో కుడి చివర టీ పెట్టి ఫెయిర్‌వే ఎడమ సగం చూసి కొట్టండి, బంతి తిరగడానికి చోటు దొరుకుతుంది.

వేగం పెంచాలంటే మెల్లగా స్వింగ్ చేస్తూ పెంచలేం. రోజూ సిస్టమ్ ముందు కూర్చునేవాళ్లకు నడుము, తుంటి బిగుసుకుపోయి ఉంటాయి, ముందు పది నిమిషాలు వార్మప్ చేయకుండా గట్టిగా కొడితే నడుము పట్టేస్తుంది, ఇది మాత్రం సీరియస్‌గా తీసుకోండి. ఆ తర్వాత బంతి లేకుండా, వీలైనంత వేగంగా, బ్యాలెన్స్ తప్పకుండా ఆరేడు స్వింగ్‌లు, మధ్యలో విశ్రాంతి, వారానికి రెండు మూడు సార్లు. స్వింగ్ నిదానమైతే ఫేస్ వాలు 9 డిగ్రీలు ఉన్న డ్రైవర్ వదిలేసి 10.5 గానీ 12 గానీ తీసుకోండి, బంతి ఎగిరితేనే కదా ముందుకు పోయేది.

సీజన్ కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో నేల గట్టిపడి బంతి బాగా దొర్లుతుంది, ఫెయిర్‌వే దాటి ఇంకా పక్కకు పోతుంది కూడా, ఇరుకు చోట డ్రైవర్ బదులు చిన్న క్లబ్ తీయడానికి అదే టైమ్. ఆగస్టు, సెప్టెంబర్లలో పడిన చోటే ఆగిపోతుంది, రఫ్ దట్టంగా పెరుగుతుంది, అప్పుడు గురికి విలువ ఎక్కువ, అదే సమయంలో గాలిలో వెళ్లే దూరానికి కూడా.

ఇవన్నీ చేసినా వయసు వల్లో నడుము వల్లో 200 దాటడం లేదంటే హోల్‌కి ఇంకా దగ్గరగా ఉండే ముందువైపు టీలకు మారండి. అమెరికాలో 2011లో మొదలైన “టీ ఇట్ ఫార్వర్డ్” సూచనల ప్రకారం డ్రైవ్ 225 గజాలైతే మొత్తం కోర్సు 5,800 నుంచి 6,000 గజాలు, 200 అయితే 5,200 నుంచి 5,400 ఉండాలి. టీ ఆఫ్‌కి ముందు మీ కార్డ్ వెనక ఏ రంగు టీలకు ఎంత దూరమో చూసి, మీ సగటు డ్రైవ్‌కి సరిపడే రంగు ఎంచుకుని, ఫోర్‌బాల్‌లో మిగతా ముగ్గురికీ ముందే చెప్పేయండి.