చేత్తో చేసుకునే పెళ్లి: పని మొదలుపెట్టే ముందు

శుభలేఖలు, అలంకరణ మీరే చేసుకుంటున్నారా? ముందు ఒక్క శుభలేఖ పూర్తిగా చేసి, ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. ఒక్కోదానికి 20 నిమిషాలైతే 150కి 50 గంటలు. ఈ లెక్క చూశాక సగం ఆలోచనలు వాటంతటవే తగ్గుతాయి. తగ్గనివ్వండి.

- "ఏదైనా సాయం చెయ్యండి" అని అడగొద్దు. ఏ పని, ఎన్ని, ఏ తేదీకి అన్నది చెప్పండి. కుదరదంటే నొచ్చుకోకండి. చివర్లో చేతులెత్తేసేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు కాబట్టి ముఖ్యమైన పనికి ఇద్దరిని పెట్టుకోండి. హాయిగా కూర్చుని పెళ్లి చూడాల్సిన పెద్దవాళ్లకు మాత్రం ఆ రోజు ఏ పనీ పెట్టొద్దు.

- కాగితం, గుడ్డ పనులు వారం ముందే అయిపోవాలి. లేకపోతే ఆఖరి రాత్రి అంతా టెన్షనే. తాజా పూల పని ముందురోజే. కాడలు ఏటవాలుగా కోసి, నీళ్లలో పెట్టి, చల్లని నీడలో ఉంచండి.

- మేకులు, టేపు, కొవ్వొత్తులు వాడనిస్తారా అని హాలువాళ్లని అడగండి. వాడనిచ్చినా కాగితం పూల పక్కన మంట వద్దు, బ్యాటరీ దీపాలు చాలు.

- గ్లూ గన్ (వేడి జిగురుతో అతికించే పరికరం) పిల్లల చేతికి ఇవ్వకండి.

- శుభలేఖ రాసినవాళ్లకు తమ తప్పులు కనిపించవు. ప్రింటుకు ముందు ఇంకొకరితో చదివించండి.

- రంగు కాగితం, రిబ్బన్ ఒకేసారి కాస్త ఎక్కువే కొనండి. తర్వాత అదే రంగు దొరక్కపోవచ్చు.

అన్నట్టు, పెళ్లయ్యాక అలంకరణ విప్పేదెవరు? అందరూ మర్చిపోయేది ఇదే. ఇద్దరి పేర్లు ఇప్పుడే రాసుకోండి.