డైవింగ్ ట్యాంకు లెక్క తప్పుతోందా? జవాబును బట్టి కారణం పట్టుకునే పద్ధతి

విశాఖపట్నంలో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు వాయు నియమాలు చెప్పేటప్పుడు నేను డైవింగ్ ట్యాంకు లెక్కలే ఎక్కువగా ఇస్తుంటాను. రుషికొండ తీరాన ట్యాంకు వీపున కట్టుకుని నీళ్లలోకి దిగేవారిని వాళ్లలో చాలామంది చూసే ఉంటారు. బాయిల్ నియమం (ఉష్ణోగ్రత మారకపోతే పీడనం, ఘనపరిమాణాల లబ్ధం మారదు) రాక తప్పేవారు తక్కువే. పీడనానికో ఉష్ణోగ్రతకో సున్నాను ఎక్కడినుంచి లెక్కించారో చూసుకోక తప్పేవారే ఎక్కువ. కింది లెక్కలన్నిటిలో ట్యాంకు 12 లీటర్లది, గేజ్ (పీడనం చూపే మీటరు) చూపేది 200 బార్. బార్ అంటే పీడనానికి ఒక కొలమానం.

సమస్య: 20 మీటర్ల లోతున దొరికే గాలి 1200 లీటర్లని వస్తోంది

సముద్రపు నీటిలో ప్రతి 10 మీటర్లకు సుమారు 1 బార్ పీడనం పెరుగుతుంది కనుక విద్యార్థి 20 మీటర్లకు 2 బార్ వేసుకుంటాడు. నీటి మీద వాతావరణం మోపే 1 బార్‌ను మరిచిపోతాడు. అక్కడి పరమ పీడనం, అంటే శూన్యం నుంచి లెక్కించే మొత్తం పీడనం, 3 బార్. గేజ్ కూడా బయటి గాలి పీడనాన్నే సున్నాగా చూపుతుంది కాబట్టి ట్యాంకులోని పరమ పీడనం 201 బార్. 201ని 12తో గుణిస్తే 2412, దాన్ని 3తో భాగిస్తే 804 లీటర్లు. అందులో 12 లీటర్లు బయటికి రాకుండా ట్యాంకులోనే ఉండిపోతాయి కాబట్టి జవాబు 792.

సమస్య: ఒడ్డున సరిపోయిన పద్ధతి లోతులో సరిపోవడం లేదు

ఇది పట్టుకోవడం కష్టం. ఒడ్డున 4 లీటర్ల బెలూన్లు ఎన్ని ఊదవచ్చని అడిగితే, ఒక విద్యార్థి 200 × 12 ÷ 4 = 600 అని ఒక్క వరుసలో తేల్చేశాడు. జవాబు సరైనదే కనుక నేనూ పూర్తి మార్కులు వేశాను, ఆ తర్వాత పశ్చాత్తాపపడ్డాను. గేజ్ అంకెకు వాతావరణపు 1 బార్‌ను కలపకపోవడం ఒక తప్పు, ట్యాంకులో మిగిలే 12 లీటర్లను తీసివేయకపోవడం రెండో తప్పు. ఒడ్డున ఈ రెండూ ఒకదానినొకటి సరిగ్గా కొట్టివేసుకుంటాయి. అదే పద్ధతిని 20 మీటర్ల లోతుకు వాడితే (200 × 12 ÷ 3) 792 రావలసిన చోట 800 వస్తుంది. పరమ పీడనంతో మొదలుపెట్టి, మిగిలేదాన్ని విడిగా తీసివేస్తే ఎక్కడైనా సరిపోతుంది.

సమస్య: చల్లారిన ట్యాంకులో పీడనం సగానికి పడిపోతోంది

గాలి నింపేటప్పుడు ట్యాంకు వేడెక్కుతుంది. 60 డిగ్రీల వద్ద 200 బార్ చూపిన ట్యాంకు 27 డిగ్రీలకు చల్లారితే గేజ్ ఎంత చూపుతుందంటే, సుమారు 90 అని రాసేవారు సెల్సియస్ అంకెలనే నిష్పత్తిలో పెట్టారన్నమాట. రెండింటికీ 273 కలిపితే 333, 300 కెల్విన్లు. 201 × 300 ÷ 333 చేస్తే 181, అంటే గేజ్ మీద 180 బార్.

సమస్య: గాలి 90 నిమిషాలు వస్తుందని తేలుతోంది

50 బార్ మిగిల్చి 150 బార్ వాడుకోవాలి, డైవర్ 20 మీటర్ల లోతున నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడు అన్నది లెక్క. 150 × 12 = 1800ను నేరుగా 20తో భాగించినవారు ఒడ్డు మీది లీటర్లను లోతులోని లీటర్లతో కలిపేశారు. ముందు 3తో భాగించాలి: 600 లీటర్లు, 30 నిమిషాలు. ఇక్కడ రెండు పీడనాల తేడానే తీసుకుంటున్నాం కనుక గేజ్ అంకెలు చాలు. ఇది కాగితం మీది లెక్క మాత్రమే. దిగడానికీ పైకి రావడానికీ పట్టే సమయం ఇందులో లేదు.

సమస్య: అన్నీ సరిచూసినా అసలు ట్యాంకుకూ లెక్కకూ కొద్ది తేడా ఉంది

తప్పు మీది కాదు. 200 బార్ వద్ద గాలి ఆదర్శ వాయువులా, అంటే వాయు నియమాలను కచ్చితంగా పాటించే ఊహాజనిత వాయువులా, ప్రవర్తించదు. గది ఉష్ణోగ్రతలో ట్యాంకు పట్టే గాలి మన లెక్క కంటే సుమారు 3 శాతం తక్కువే ఉంటుంది. ప్రశ్నలో ‘ఆదర్శ వాయువుగా భావించండి’ అని ఉంటే మాత్రం దాని జోలికి పోనక్కరలేదు.