ఊళ్లవారీగా ఇళ్ల సర్వే: ఎన్ని ఇళ్లు, ఏ ఇళ్లు, లెక్క ఎలా

సగం మందికి అటూఇటూగా వర్తించే విషయాన్ని 95% నమ్మకంతో, ±5 శాతం తేడాలోపు చెప్పాలంటే 385 ఇళ్లు చాలు. అయితే అది ఇళ్లను విడివిడిగా లాటరీ తీసినప్పటి మాట. ఊరికి పదేసి ఇళ్లు తీసుకుంటే ఒకే ఊరివాళ్ల జవాబులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పోలిక (0 అంటే అసలు లేదు, 1 అంటే ఊరంతా ఒకే జవాబు) 0.05 అనుకుంటే 1+(10−1)×0.05=1.45 రెట్లు, అంటే 559 కావాలి. పదిశాతం ఇళ్లలో జవాబు దొరకదనుకుంటే 622. సర్దితే 63 ఊళ్లు, 630 ఇళ్లు.

ఊళ్ల జాబితాలో ఇళ్ల సంఖ్యను వరసగా కూడుతూ పోండి. మొత్తం 18,900 అయితే 63తో భాగిస్తే అంతరం 300. 1–300 మధ్య లాటరీలో 137 వస్తే 300 చొప్పున కలుపుతూ 137, 437, 737... ఆ వరస కూడికలో ఏ ఊళ్లలో పడితే ఆ ఊళ్లను తీసుకోండి. పెద్ద ఊరు రెండుసార్లు వస్తే అక్కడ ఇరవై ఇళ్లు.

ఊరికి వెళ్లాక ఇళ్లను మళ్లీ లెక్కపెట్టాల్సిందే, 2011 జనగణన అంకెల్ని నమ్ముకోవద్దు. జాబితాలో 240 ఉండి, ఇప్పుడు 320 తేలి, లాటరీలో తీసిన పదింటిలో తొమ్మిదిళ్లే జవాబిచ్చాయనుకోండి: వెయిట్, అంటే జవాబిచ్చిన ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్ల తరఫున లెక్కకొస్తుందో ఆ అంకె, (300÷240)×(320÷9), సుమారు 44.4.

ఎక్కువ సర్వేలు చెడేది తాళం వేసిన ఇంటి దగ్గరే. దాని బదులు పక్కింటికి వెళ్తే పగలు ఇంట్లో ఉండేవాళ్లే శాంపిల్‌లో నిండిపోతారు, కూలికి వెళ్లినవాళ్లు తప్పిపోతారు. పొద్దున్నే ఒకసారి, చీకటిపడ్డాక ఒకసారి, మరో రోజు ఇంకోసారి అదే తలుపు తట్టాలి.

విశ్లేషణలో వెయిట్‌తోపాటు ఊరి కోడ్ కూడా సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వండి. లేకపోతే 630 ఇళ్లనూ విడివిడిగా తీసినట్టే లెక్కేసి, ఫలితంలో ఎంత తేడా ఉండొచ్చో ఆ అంచనాను తక్కువ చేసి చూపిస్తుంది.