జీపు కమాన్లు, షాఫ్ట్ కోణం ముట్టేముందు

కమాన్లంటే పట్టీల స్ప్రింగులు, షాఫ్టంటే ఇంజను బలాన్ని ఇరుసుకు చేర్చే కడ్డీ. వీటిని ముట్టేముందు బండిని సమానంగ ఉన్న గచ్చు మీదనే ఆపుండ్రి. నల్గొండల మా షెడ్డు నేల వాలు, లెక్కంత తప్పుతది. స్టాండ్లు హౌసింగ్ (ఇరుసు గొట్టం) కిందనే పెట్టాలె. ఛాసిస్ కింద పెడితే కమాన్లు వేలాడి కోణం మారుతది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు.

క్రాసులు (షాఫ్టు చివర్ల వంగే కీళ్ళు) చేత్తో ఊపుండ్రి. టక్కుమంటే ముందుగాల మార్చుండ్రి. నేను మార్చకుండ కోణం దిద్దుకుంట మూడు రోజులు ఆగం జేసుకున్న.

రేసు ఇస్తే హౌసింగ్ మూతి (షాఫ్టు వచ్చి కలిసే ముందు భాగం) పైకి లేస్తది. అందుకే నిలబడ్డప్పుడు, షాఫ్టు గీతతోటి చూస్తే, ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉండాలె. క్రాసు కోణం 3 డిగ్రీలు దాటొద్దు, సున్నా అసలే వద్దు: క్రాసు లోపలి సూది బేరింగులు తిరగక ఒకకాడనే అరుగుతయి.

కమాన్లను హౌసింగ్‌కు పట్టి ఉంచే యూ-బోల్టులు ఇప్పితే, మళ్ల బిగించేటప్పుడు కొత్తయే వాడాలె.