1932 నాటి జైలు కథ తీసేవారు ముందుగా సరిచూసుకోవలసినవి

విశాఖపట్నంలో పాతకాలపు జైలు కథ తీయబోయేవారు ఊచలకు, గోడల మసికి పెట్టినంత శ్రద్ధ మాటలకూ చేతి వస్తువులకూ పెట్టరు. కాలం తప్పిన సంగతులు ఎక్కువగా దొరికేది అక్కడే. అందుచేత కథ జరిగే సంవత్సరాన్ని, వీలైతే నెలను, స్క్రిప్టు మొదటి పేజీ మీదనే రాసుకోండి. ‘స్వాతంత్ర్యానికి ముందు’ అని రాసుకుంటే ఎందుకూ పనికిరాదు.

కథ 1932లో శాసనోల్లంఘన ఖైదీలదనుకుందాం. జైలరు గదిలో ఐదవ జార్జి పటం ఉండాలి. ఆరవ జార్జి రాజయినది 1936 డిసెంబరులో. ఖైదీలు చాటుగా కుట్టుకున్న మూడు రంగుల జెండా మధ్య రాట్నం కనబడాలి, ఎందుకంటే అశోకచక్రం 1947 జులైలో గాని జెండాలోకి రాలేదు. సింహాల ముద్ర 1950 నాటిది.

తరవాత సంభాషణలన్నిటినీ పెన్సిలు పట్టుకుని, పైకి చదువుతూ దిద్దండి. ములాఖత్‌కు వచ్చిన తల్లి కిలో అటుకులు తెచ్చానని అనకూడదు, శేరో వీశెడో అనాలి. యాభై పైసలు అన్నచోట ఎనిమిది అణాలని మార్చాలి. నయాపైసలు వచ్చినది 1957 ఏప్రిల్ 1న. ఆంధ్రప్రదేశ్ అన్న మాట ఎవరి నోటా రాకూడదు, అప్పటికి మనది మద్రాసు ప్రెసిడెన్సీ.

అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసినది ఖైదీల తరగతి. రాజకీయ ఖైదీలకు మెరుగైన సౌకర్యాలు కోరుతూ లాహోరు జైలులో 63 రోజులు నిరాహారదీక్ష చేసి విప్లవకారుడు జతీన్ దాస్ 1929 సెప్టెంబరులో మరణించిన దరిమిలా, 1930లో ఏ, బీ, సీ తరగతుల విభజన వచ్చింది. కాబట్టి 1932 కథలో ‘బీ క్లాసు ఖైదీ’ అనవచ్చు గాని, అల్లూరి సీతారామరాజు అనుచరుల కథలో అదే మాట 1923లో వినబడితే తప్పు.

కథ అండమాన్‌కు వెళితే, సెల్యులార్ జైలు నిర్మాణం 1906లో పూర్తయిందని గుర్తుంచుకుని, 1857 సిపాయిలను ఆ గదుల్లో పెట్టకండి. అప్పటి ఏడు రెక్కల్లో ఇప్పుడు నిలిచి ఉన్నవి మూడే కనుక, డ్రోనుతో పైనుంచి తీసిన షాటుకు గ్రాఫిక్స్ తప్పదు. అంత ఖర్చు పెట్టలేనివారు కెమెరాను నేల మీదనే ఉంచుకోవడం మేలు.

ఇక సముద్రం. మన విశాఖ నౌకాశ్రయం తెరుచుకున్నదే 1933లో. 1932లో పెద్ద ఓడలు తీరానికి దూరంగా లంగరు వేస్తే సరుకును పడవల్లో ఒడ్డుకు చేర్చేవారు. మేము తీసిన ఒక చిన్న చిత్రంలో ఖైదీలను భీమిలి దారిలో నడిపించాము. ఎడిటింగు దగ్గర చూసుకుంటే జైలరు భుజం వెనక కంటైనర్ ఓడ ఒకటి తాపీగా సాగిపోతోంది. మళ్లీ తీయడానికి డబ్బు లేక ఫ్రేమును పక్కనుంచి కత్తిరించాము. ఆ షాటులో జైలరుకు ఒక చెవే ఉంటుంది.